కాలిపంపు

గుణుపురంలో కోల్డ్ స్టోరేజీ వెనక
ఇటుకల మీద కూర్చుని ఉంది బండి.
రెండు చక్రాలు, ముందుకి చాచిన ఇనప ముక్కు,
గుడ్డుపెంకు లాంటి పైకప్పు.
దీన్నొకప్పుడు జీపు లాక్కెళ్ళేది
పుట్టాసింగి ఘాటీ దాకా.

"నీళ్ళు రావాలి మేస్త్రీ, మిగతాదంతా తరవాత"
అన్నాడు ఎలియాబు శబర.
పోస్టాఫీసులో చేసి రిటైరైన మనిషి,
మిషను పాతసామాన్ల వేలంలో
పెన్షన్ డబ్బు పెట్టి దీన్ని కొన్నాడు.
ఎందుకని నేనడగలేదు.
అడిగితే బేరం పాడవుద్ది.

ముందు కడుపు విప్పాలి.
లినోలియం లేపితే ప్లైవుడ్డు
టీలో పడ్డ బిస్కత్తులా చేతికొచ్చింది.
దాని కింద చెదలు కట్టిన ఊరు,
ఊరికి రెండు వీధులు.
బల్ల వెనక పలకలో
కందిరీగల మట్టిగూళ్ళు పదకొండు,
ఒక గాజు సిరంజి, సూది లేదు,
ఒడియా పేపరు ముక్క.
ఏ సంవత్సరమో ఎలక తినేసింది,
వడ్ల ధర మాత్రం మిగిల్చింది.

పైపులది ఇంగ్లీషు మర.
బరంపురంలో అడిగాను, పార్వతీపురంలో అడిగాను,
కొట్టువాడు నవ్వి ప్లాస్టిక్కు చూపించాడు.
"ఇదెట్టండి, యాభయ్యేళ్ళు చూసుకోనక్కర్లేదు."
యాభయ్యేళ్ళు చూసుకోకే కదా
ఇదిలా అయ్యింది.

రాగి గొట్టం వంచాలంటే
లోపల ఇసక పోసి, రెండు మూతులూ బిగించి,
చిన్న సెగ చూపిస్తూ మోకాలికి ఆన్చాలి.
తొందరపడితే ముడత.
ముడతలో నీరు గొణుగుతుంది, రాత్రిళ్ళు మరీను.
నీటికి ఒక్కటే బుద్ధి, దిగడం.
అది దారి తప్పే చోటుకి
మనం ముందే వెళ్ళి కూచోవాలి.

టేకుబల్లకి లక్క పూశాం.
అతని భార్య రాహేలు కిటికీలకి తెరలు కుట్టింది,
ఒకటి జానెడు పొట్టి.
కాలిపంపులో తోలు వాసర్లు
ఎండిన చింతతొక్కలయ్యాయి.
చెప్పులు కుట్టేవాడి దగ్గర గేదెతోలు కోయించి
మూడు రోజులు ఆముదంలో నానేశాను.

ఆ మూడో రోజు చెప్పాడు ఎలియాబు,
గుమ్మంలో టీ చల్లారిపోయాక.
వాళ్ళమ్మకి నొప్పులొచ్చిన రాత్రి
ఏరు పొంగి బండి ఇవతలే ఆగిపోయిందట.
ఎల్లెనమ్మనే నర్సు
ఈ తొట్టిలోనే, ఈ ఎనామిలు తొట్టిలోనే,
కాలితో పంపు తొక్కుతూ
రెండు చేతుల్తో తనని కడిగిందట.

నేనేమీ అనలేదు.
నా పేరు తౌడు.
ముందు పుట్టినోళ్ళు దక్కక
మా అమ్మ నన్ను చేటలో వేసి పక్కింటికిచ్చి
గుప్పెడు తవుడు పోసి మళ్ళా కొనుక్కుంది.
స్పానరు ఇటందుకోండి, అన్నాను.

పాతిక లీటర్లు నింపి
కాలు పెట్టి తొక్కాను. గాలి.
ఇంకోసారి. ముసలాడి దగ్గు.
మూడోసారికి తుప్పునీరు, కుళాయి ముక్కులోంచి,
తరవాత తెల్లగా.
నేను నీళ్ళన్నాను.
హెల్పరు కుర్రాడు సుదాము పాణి అన్నాడు.
ఎలియాబు చాలా నెమ్మదిగా
వాళ్ళమ్మ మాటలో, డాఆ, అన్నాడు.

అప్పుడు చూశాను, తొట్టి అడుగున చుక్క.
తుడిచాను. మళ్ళీ చుక్క.
జాయింటు కాదు, వాసరు కాదు,
ఎనామిలు కింద వెంట్రుకంత పగులు.
"మార్చేద్దాం బాబూ,
పర్లాకిమిడిలో స్టీలుది దొరుకుద్ది."
అతను తల అడ్డంగా ఊపాడు,
ఊపుతూనే ఉన్నాడు కాసేపు.

ముప్పయ్యేళ్ళలో
కారుతున్న పని అప్పజెప్పింది ఇదొక్కటే.
కింద ఇత్తడి గిన్నె పెట్టాను.
కూలిలో వంద తగ్గిస్తానంటే ఒప్పుకోలేదు.
టప్, టప్ మని
నా సైకిలు గేటు దాటేదాకా వినబడింది,
లేదా అలా అనుకున్నాను.

బిల్లులో అన్నీ రాశాను,
రాగి, తోలు, ఆముదం, మూడు ప్లైవుడ్డు షీట్లు.
చివరి గీత కింద
తొట్టి: ముట్టలేదు.